ఉగ్గాని మీద సుమాక్

ఆదోనిలో చింతపండు శకం ముగిసినట్టు పత్తి వ్యాపారి సుబ్రమణ్యం గారు తమ వంటింటి గడప మీద నిలబడి ప్రకటించారు. ప్రకటనకు హాజరైన ప్రజానీకం ఆయన భార్య కన్యకమ్మ ఒక్కతే. అప్పటికే ఆమె చారుకు చింతపండు నానబెట్టేసింది.

చింతపండు స్థానంలో నియమితమైనది సుమాక్. టర్కీలో పత్తి యంత్రాల ప్రదర్శన చూసి వచ్చిన అల్లుడు విష్ణు తెచ్చిన ఎర్రటి పొడి అది. ఏవో కాయలు ఎండబెట్టి దంచుతారట. ఆ దేశంలో కాల్చిన మాంసం మీద పులుపు కోసం చల్లుకుంటారన్న సంగతి అత్తగారింట్లో దాచిపెట్టి, కడుపుకు మంచిదని మాత్రం చెప్పాడు. మిగతా గుణాలు వాట్సాప్ చెప్పింది. సుమాక్ నయం చేయని జబ్బు ఏదైనా ఉంటే అది ఇంకా మనుషులకు రాలేదని తేలిపోయింది.

సుబ్రమణ్యం గారు దేన్నీ గుడ్డిగా నమ్మే మనిషి కాదు. పత్తిని వేళ్ల మధ్య లాగి, పింజ చూసి, నాణ్యం తేల్చడంలో మార్కెట్ యార్డులో ఆయన మాటకు తిరుగులేదు. సుమాక్‌నూ చిటికెడు తీసి నలిపి, వెలుతురుకు పట్టి చూశారు. మొదటి రకమన్నారు. డాక్టరు రాసిచ్చిన షుగరు మాత్రను కూడా అదే న్యాయంతో వేళ్ల మధ్య నలిపి చూశారు. అది నలగలేదు.

"దీంట్లో పసే లేదే. ఒట్టి సున్నం. రేపట్నుంచి నాకియ్యొద్దు," అన్నారు.

పోయినేడాదే ఆయన కాలి పుండు మానక, వేలు తీయాల్సి వస్తుందేమోనని డాక్టరు భయపెట్టాడు. భర్త అభిప్రాయాల కన్నా కన్యకమ్మకు ఆ వేలే ముఖ్యం.

"మాత్ర మానొద్దండీ, మీకు దండం పెడతా."

"ఆడోళ్లకు సరుకు సంగతి యాడ తెలుస్తాది!"

ఆమె గప్‌చుప్‌గా డాక్టరు దగ్గరికి పోయి, మాత్రను నూరి పెట్టొచ్చా అని అడిగింది. ఈ మాత్రకైతే ఇబ్బంది లేదు, కానీ ఆయనకు చెప్పి పెట్టండి అన్నాడు డాక్టరు.

"చెప్తే తినే మనిషైతే మీ కాడికి ఎందుకొస్తా సార్?"

మర్నాటి నుంచి సుబ్రమణ్యం గారు పొద్దున తినే బొరుగుల ఉగ్గాని మీద నూరిన మాత్ర, దాని మీద సుమాక్, పక్కన మిరపకాయ బజ్జీ. చేదును పులుపు కప్పింది, పులుపును కారం కప్పింది. ఒకనాడు ఆయనకు అనుమానం వచ్చి, చేదుగా ఉందేమని అడిగితే, అసలు సరుకు అట్లే ఉంటుందందామె. ఆయన నిపుణుడిలా తలాడించారు.

కొన్నాళ్లకు పరీక్ష చేయిస్తే షుగరు దిగింది. దాంతో సుమాక్ సేవా సమితి వెలిసింది. ఒక రిటైర్డు లెక్చరరు ఆదోని కోట అన్ని ముట్టడులను తట్టుకున్నది సుమాక్ బలంతోనేనని నిరూపించాడు. ఒకాయన బట్టతలకు పట్టించాడు. మరొకాయన ఎద్దుకు పెడితే, అది వాసన చూసి మొహం తిప్పుకుంది. ఊళ్లో ఆలోచించి నిర్ణయం తీసుకున్నది అదొక్కటే. ఎమ్మిగనూరు బట్టల వ్యాపారి శేషప్ప బీపీ మాత్రలు మానేసి, కొట్లోనే కుప్పకూలి, ఆస్పత్రి నుంచి సుమాక్‌కు కృతజ్ఞతలు తెలిపాడు.

శేషప్ప సంగతి విన్నాక కన్యకమ్మకు నిద్ర పట్టలేదు. తను చేసిన పనికి ఎవరి ప్రాణమైనా పోతే?

ఎమ్మిగనూరులో సుబ్రమణ్యం గారికి సన్మాన సభ జరిగింది. "నేనే సాక్ష్యం! మాత్ర ముట్టకుండా బతుకుతాండాను!" అని ఆయన శాలువా సర్దుకుంటూ గర్జించారు. కన్యకమ్మ మైకు అందుకుంది.

"తప్పు నాదే. దినామూ మాత్ర నూరి ఆయప్ప ఉగ్గానిలో కలిపినా. తగ్గించింది మాత్ర. మీరు మాత్రలు మానొద్దు నాయనా."

ఆస్పత్రి నుంచి నేరుగా సభకు వచ్చిన శేషప్ప మెల్లగా లేచాడు.

"అమ్మా, ఆయన ఒట్టి మాత్రలు మింగినన్నాళ్లూ షుగరు తగ్గలేదు. సుమాక్ కలిపినాక తగ్గింది. అంటే మాత్రకు బలమిచ్చింది సుమాకే కదా!"

చప్పట్లు మిన్నంటాయి. కన్యకమ్మకూ ఒక శాలువా కప్పారు.

ఇప్పుడు మందుల షాపుల్లో ఏ మాత్ర అడిగినా సుమాక్ పొట్లం జోడించి ఇస్తున్నారు. జనం మాత్రలు క్రమం తప్పకుండా వేసుకుంటున్నారు. డాక్టర్లు నోరు మెదపడం లేదు.

సభ జరిగిన మర్నాడు సుబ్రమణ్యం గారు ఉగ్గాని ముందు కూర్చుని చాలాసేపు ప్లేటు వంకే చూశారు.

"ఏమే, మాత్ర కలిపినావా?"

"కలిపినా."

"అయితే పైన ఇంకొంచెం పొడి చల్లు. నాకు కనపడగూడదు."