వెనకద్దం మీద సంతకం

ఇకపై మా ఊళ్లో ఎవరూ కార్లను ఇంటి దగ్గర కడగరాదని చైర్మన్‌గారు ప్రకటించిన రోజున నేను పురపాలక భవనంలో మూడో వరసలో కూర్చుని ఉన్నాను. ఈ సంగతి గర్వంగానే చెప్పుకుంటున్నాను. చరిత్ర జరుగుతున్నప్పుడు మూడో వరసలో సీటు దొరకడం అందరికీ రాసిపెట్టి ఉండదు.

చైర్మన్‌గారు ముందు గొంతు సవరించుకున్నారు. తర్వాత కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మన గుమ్మాల ముందు కార్లు కడిగిన నీళ్లు వీధి కాలవలో పడి, ఎక్కడా ఆగకుండా నేరుగా చెరువులోకి పోతున్నాయనీ, అందులో సబ్బు, నూనె, బ్రేకుల పొడి అన్నీ ఉంటాయనీ, చేపలు నోరులేని జీవాలు కాబట్టి వాటి తరఫున తాను మాట్లాడుతున్నాననీ అన్నారు. ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. చేపల దగ్గరికి వచ్చేసరికి ఆయన కళ్లద్దాలు తీసి మళ్లీ తుడుచుకున్నారు. ముందు వరసలోని కాంట్రాక్టరు లేచి చప్పట్లు కొట్టాడు. ఆయన లేచాడని మేమూ లేచాం.

"కారు కడగడం నేరం కాదు," అన్నారు చైర్మన్‌గారు. "ఇంటి దగ్గర కడగడం నేరం. ఈ తేడా మీరంతా మనసులో పెట్టుకోవాలి."

మరెక్కడ కడగాలని వెనకనుంచి ఎవరో అడిగారు. త్వరలో ప్రారంభం కాబోయే అధీకృత వాహన ప్రక్షాళన కేంద్రంలో, అని జవాబు. దాని బొమ్మను గోడకి తగిలించి చూపించారు కూడా. బొమ్మలో చెట్లు, పక్షులు, నవ్వుతున్న ఒక కుటుంబం ఉన్నాయి. ఒక మూల కారు కూడా ఉంది. అది కట్టేదాకా ఏం చెయ్యాలని ఒకాయన అడగబోయాడు గానీ పక్కవాడు చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు. ఆ చొక్కా మా బావది. పక్కవాణ్ణి నేను.

బావ అంటే మా అక్క భర్త. కింద వాటాలో వాళ్లు, పై వాటాలో నేను ఉంటాం. స్టేషన్ ఎదురుగా ఉన్న పెద్ద హోటలుకి బావ కారు నడుపుతాడు. అతిథుల్ని రైలు దగ్గరినుంచి తీసుకురావడం, మళ్లీ దింపడం ఆయన పని. కారు ఆయన సొంతదే. హోటలు వాళ్ల షరతు ఒక్కటే, కారు తళతళలాడాలి. ప్రతి నెలా ఒకటో తారీకున మేనేజరు బయటికొచ్చి, తెల్ల చేతిరుమాలు మడత విప్పి, తలుపు మీద ఒకసారి రుద్ది చూస్తాడు. పదకొండేళ్లలో ఆ రుమాలు ఒక్కసారీ మాయలేదు.

బావ పొద్దున్నే కారు కడిగి, మెత్తని గుడ్డతో తుడిచి, డ్రైవరు వైపు తలుపులో మొహం చూసుకుంటూ తల దువ్వుకుని బయల్దేరేవాడు. ఇంట్లో నిలువుటద్దం ఉంది. దానిముందు ఆయన నిలబడగా నేనెప్పుడూ చూడలేదు. అందుకే వీధిలో అందరూ ఆయన్ని 'అద్దం' అంటారు.

నిబంధన అమలు చేసే భారం ఇన్‌స్పెక్టర్‌గారి మీద పెట్టారు. ఆయన్ని పొగడటానికి నా దగ్గరున్న మాటలు చాలవు. కార్లు కడుగుతుండగా పట్టుకోవాలంటే ఇంటికో మనిషిని కాపలా పెట్టాలి. అంత సిబ్బంది లేరు. ఇంకొకరైతే అక్కడే చేతులెత్తేసేవారు. ఈయన మాత్రం కడిగే మనిషిని వదిలేసి కడిగిన కారుని పట్టుకుంటే చాలన్నారు. ఆయన లెక్కలో మురికిగా ఉన్న కారు చట్టానికి లోబడిన కారు. శుభ్రంగా ఉన్న కారు ఏదో దాస్తోంది. ఇంత సూటిగా ఆలోచించేవాళ్లు ఆఫీసుల్లో అరుదు.

మొదటి రోజే ఆయన మా గేటు ముందు ఆగారు.

"ఇది ఎందుకు మెరుస్తోంది?"

"తుడిచానండి," అన్నాడు బావ.

"తడి గుడ్డా, పొడి గుడ్డా?"

బావకి అబద్ధం చెప్పడం చేతకాదు. "కాస్త తడిదేనండి."

"ఆ తడి ఎక్కడిది?"

"కుళాయిదండి."

"కుళాయి ఎక్కడుంది?"

బావ కుళాయి వైపు చూశాడు. ఇన్‌స్పెక్టర్‌గారూ చూశారు. నేనూ చూశాను. మొదటి నోటీసు అక్కడికక్కడే రాసిచ్చారు. మూడు నోటీసులైతే కారు జప్తు అని కింద సన్నటి అక్షరాల్లో ఉంది. అక్క దాన్ని రెండుసార్లు చదివి, మడిచి అలమరలో పెట్టింది.

రెండో వారానికల్లా పద్ధతి మరింత మెరుగుపడింది. కొందరు గుట్టుచప్పుడు కాకుండా కారు కడుక్కుని, పైన చారెడు దుమ్ము చల్లి అమాయకుల్లా నిలబడుతున్నారని ఇన్‌స్పెక్టర్‌గారికి తెలిసింది. వెంటనే ప్రతి కారు వెనకద్దం మీదా, పేరుకున్న దుమ్ములో చూపుడువేలితో తేదీ వేసి సంతకం పెట్టడం మొదలుపెట్టారు. పై వారం ఆ సంతకం చెక్కుచెదరకుండా ఉంటే కారు కడగలేదన్నమాట. కాగితం అక్కర్లేదు, సిరా అక్కర్లేదు. సంతకం కూడా చూడముచ్చటగా ఉండేది. చివర ఒక పొడుగాటి తోక, తోక కింద రెండు చుక్కలు.

ఇక మా వీధిలో సంతకాన్ని కాపాడుకోవడమే సంసారం అయిపోయింది. పిల్లలకి బంతాట మాన్పించారు. ఎదురింటి దర్జీ తన కారు చుట్టూ తాడు కట్టాడు. వెనకద్దం తుడవడానికి వీల్లేదు కాబట్టి వెనక ఏముందో కనిపించేది కాదు. ఒకరోజు దర్జీ కారు వెనక్కి తీస్తూ పక్కింటి టీచరమ్మ గేటుని గుద్దాడు. ఆవిడ పరుగున వచ్చింది. ఇద్దరూ ముందు వంగి సంతకం చూశారు. అది క్షేమంగా ఉందని తేలాక ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. గేటు సంగతి తర్వాత చూసుకోవచ్చులెమ్మని ఆవిడే అంది.

బావ పరిస్థితి మాత్రం అడకత్తెరలో పడింది. ఒకటో తారీకున హోటలు మేనేజరు రుమాలు తీసి రుద్దాడు. రుమాలు వంక చూశాడు, బావ వంక చూశాడు. ఊళ్లో వచ్చిన నిబంధన గురించి బావ మొదట్నుంచీ చివరిదాకా చెప్పాడు.

"మీ ఊరి రూలు నాకు తెలుసండీ," అన్నాడు మేనేజరు. "నా రుమాలుకి తెలీదు."

పాత మనిషి కదా అని ఒక్క నెల గడువిచ్చాడు. వచ్చే ఒకటో తారీకు పదింటికి కారు మునుపటిలా ఉండాలి, లేకపోతే ఇంకొకరిని చూసుకుంటాం అన్నాడు. కడిగితే కారు పోతుంది, కడక్కపోతే పని పోతుంది. రెంటికీ దారి ఒకటే, ఆ కేంద్రం తెరవాలి. బావ నన్ను వెంటబెట్టుకుని ఇన్‌స్పెక్టర్‌గారి దగ్గరికి వెళ్లి ఎప్పుడు తెరుస్తారని అడిగాడు. నెలాఖరు రోజున, అని ఆయన అభయమిచ్చారు. ఒకటో తారీకుకి సరిగ్గా ఒక రోజు ముందు. అక్క ఆ వేళ చాలా రోజుల తర్వాత నవ్వింది.

ఈలోగా ఒక వాన, ఎవరి అనుమతీ తీసుకోకుండా కురిసింది. అరగంటలో వీధిలోని సంతకాలన్నీ కొట్టుకుపోయాయి. మరునాడు ఇన్‌స్పెక్టర్‌గారు వచ్చి అందర్నీ ఒకే ప్రశ్న అడిగారు. వాన పడేటప్పుడు కారు ఎక్కడుంది? ఇంటి దగ్గరుందని అందరం ఒప్పుకున్నాం.

"అయితే ఇంటి దగ్గర కడగబడింది," అన్నారు.

"కడిగింది వాన కదండీ," అన్నాడు దర్జీ.

"ఎవరు కడిగారన్నది రూల్లో లేదు. ఎక్కడన్నదే ఉంది."

వీధి మొత్తానికి నోటీసులు ఇచ్చారు. బావకి అది రెండోది. వాన వేళకి కారు వేసుకుని బజారుకెళ్లిన టీచరమ్మను మాత్రం పేరుపేరునా అభినందించారు, అంటే ఆవిడ ఒక్కరినే.

ఆవిడ చూపిన దారి అందరికీ నచ్చింది. మళ్లీ మబ్బు పట్టగానే వీధి వీధంతా కార్లు తీసుకుని ఇళ్లనుంచి బయటపడింది. కొందరు భోజనం మధ్యలో లేచి చెయ్యి కడుక్కోకుండానే వచ్చారు. అన్ని కార్లూ వెళ్లడానికి ఊళ్లో ఖాళీ ఉన్నది ఒక్క చెరువుగట్టే. నలభై కార్లు గట్టు మీద బారులు తీరి, చట్టానికి లోబడి తడిశాయి. సబ్బు తప్ప మిగతా నూనె, దుమ్ము, బ్రేకుల పొడి అంతా, కాలవ దాకా వెళ్లే శ్రమ లేకుండా అక్కడినుంచే చెరువులోకి జారింది. ఊరంతా ఒక్క మాట మీద నిలబడటం నా జన్మలో అదే చూడటం. బావ కారు మీద దుమ్ము చారలు చారలుగా దిగి, ముందుకంటే ఘోరంగా తయారైంది.

నెలాఖరు రానే వచ్చింది. ప్రారంభోత్సవంలో కేంద్రంలో మొట్టమొదట కడగడానికి మురికి కారు కావాలి. చైర్మన్‌గారి కారు పనికిరాదు. అది ఎప్పుడూ మెరుస్తూనే ఉంటుంది. దాన్ని తనిఖీ చేసి ఇన్‌స్పెక్టర్‌గారు రిజిస్టర్లో 'అధికారిక వాహనం, దుమ్ము పట్టే స్వభావం లేనిది' అని రాసుకున్నారు. ఊళ్లోకెల్లా మురికి కారు కోసం వెతికి, చివరికి మా బావ కారును ఎంపిక చేశారు. ఒకప్పుడు ఊళ్లోకెల్లా శుభ్రమైన కారుకి ఇంత గౌరవం దక్కడం చూసి నాకు కళ్లు చెమర్చాయి.

చైర్మన్‌గారు రిబ్బను కత్తిరించారు. చేపల గురించి మళ్లీ మాట్లాడారు. ఫొటోగ్రాఫరు సిద్ధంగా ఉన్నాడు. చైర్మన్‌గారు కుళాయి తిప్పారు. కుళాయి రెండుసార్లు దగ్గి ఊరుకుంది. నీళ్ల కనెక్షను ఇవ్వాలంటే కేంద్రం పూర్తయినట్టు పత్రం ఉండాలట. ప్రారంభోత్సవం అయితేగాని ఆ పత్రం ఇవ్వరట. ఇది ఇన్‌స్పెక్టర్‌గారు చాలా స్పష్టంగా వివరించారు. బావ మొహం పాలిపోయింది.

చైర్మన్‌గారు ఏమాత్రం తొణకలేదు. ఆయన ఇల్లు ప్రహరీకి అవతలే ఉంది. "కారు లోపలికి పట్రండి," అన్నారు.

బావా నేనూ లోపలికి వెళ్లాం. పెరట్లో సిమెంటు గచ్చు పచ్చగా నాచు పట్టి ఉంది. గోడకి పొడుగాటి రబ్బరు గొట్టం చుట్టలు చుట్టి ఉంది, పక్కనే రెండు బ్రష్షులు ఉన్నాయి. అప్పుడే కడిగిన రెండు కార్లు నీడలో ఆరుతున్నాయి. ఒకటి చైర్మన్‌గారిది. రెండోది ఆయన బామ్మర్దిగారు కొత్తగా కొన్న తెల్ల కారు, నంబరు చివర రెండు సున్నాలు. సబ్బు నురగ గచ్చు మీదుగా గేటు కిందనుంచి కాలవలోకి పోతోంది.

చైర్మన్‌గారు బూట్లు విప్పి, ప్యాంటు పైకి మడిచి, స్వయంగా గొట్టం పట్టుకున్నారు. ఫొటోలో ఇల్లు పడకుండా ఫొటోగ్రాఫర్ని కింద కూర్చుని తియ్యమన్నారు. ముందు పైకప్పు, తర్వాత తలుపులు, ఆఖర్న చక్రాలు. అది చెయ్యి తిరిగిన పని అని ఒప్పుకు తీరాలి. పావుగంటలో కారు పదకొండేళ్ల కిందటి కారులా బయటికొచ్చింది. బావ రెండు చేతులూ జోడించాడు.

మర్నాడు ఒకటో తారీకు. తొమ్మిదింటికి బావ ఉతికిన చొక్కా వేసుకుని, జేబులోంచి దువ్వెన తీసి కారు తలుపు ముందు వంగాడు. అంతలో ఇన్‌స్పెక్టర్‌గారు వచ్చారు. చేతిలో ఆనాటి పేపరు. మొదటి పేజీలో చైర్మన్‌గారు, గొట్టం, మా కారు. 'అధీకృత కేంద్రంలో తొలి ప్రక్షాళన' అని పెద్ద అక్షరాల్లో వేశారు.

"కేంద్రం రసీదు ఉందా?" అన్నారు.

"కేంద్రంలో నీళ్లు రాలేదు కదండీ. తమరూ అక్కడే ఉన్నారు."

"మరి ఎక్కడ కడిగారు?"

"చైర్మన్‌గారింట్లోనండి."

మూడో నోటీసు రాయబోతున్న పెన్ను ఆగింది. ఇన్‌స్పెక్టర్‌గారు పేపరు వంక చూశారు, కారు వంక చూశారు, తర్వాత నా వంక చూశారు. నేను కుళాయి వంక చూశాను.

ఆయన పెన్ను జేబులో పెట్టుకున్నారు. వంగి, రోడ్డు పక్కన ఉన్న దుమ్ముని దోసిళ్లతో ఎత్తి, కారు చుట్టూ తిరుగుతూ చల్లడం మొదలుపెట్టారు. ఎక్కడా ఎక్కువ కాకుండా, ఎక్కడా తక్కువ కాకుండా చల్లారు. ఏ పని చేసినా నీటుగా చేసే మనిషి.

అక్క గుమ్మంలోంచి దిగి వచ్చింది. "పదింటికి హోటల్లో చూపించాలండీ. ఆ డ్రైవరు వైపు తలుపొక్కటైనా వదిలెయ్యండి."

"తలుపొక్కటే శుభ్రంగా ఉంటే ఎవరికైనా అనుమానం రాదా అమ్మా?" అన్నారాయన, నిజంగానే జాలిపడుతూ.

దుమ్ము సర్దుకునేదాకా ఆగి, వెనకద్దం మీద వేలితో సంతకం పెట్టారు. వారం కిందటి తేదీ వేశారు. తోక, తోక కింద రెండు చుక్కలు. "ఇప్పుడంతా సక్రమంగా ఉంది," అని చెప్పి దర్జీ ఇంటివైపు వెళ్లారు.

బావకి తోడుగా నేనూ హోటలుకి వెళ్లాను. మేనేజరు మెట్లు దిగి వచ్చి మా కారు చూశాడు. రుమాలు మడత విప్పనే లేదు. పదకొండేళ్ల పరిచయం కాబట్టి బావ భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, పోర్టికోలో ఆగి ఉన్న తెల్ల కారు దగ్గరికి వెళ్లాడు. ఆ కారు తలుపుల కిందనుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. నంబరు చివర రెండు సున్నాలున్నాయి. మేనేజరు రుమాలు విప్పి రుద్దాడు. రుమాలు తెల్లగానే ఉంది. సంతృప్తిగా తలాడించి లోపలికి వెళ్లిపోయాడు.

బావ నెమ్మదిగా ఆ తెల్ల కారు దగ్గరికి నడిచాడు. డ్రైవరు వైపు తలుపులో ఆయన మొహం స్పష్టంగా కనిపించింది. జేబులోంచి దువ్వెన తీసి, కొంచెం వంగి, పాపిడి తిన్నగా తీసుకుని తల దువ్వుకున్నాడు.