బొద్దుకు వయసొచ్చింది

ఆ ఆదివారం ఉదయం టీచరు వేసుకున్న పథకం చాలా చిన్నది. భర్త లేవకముందే స్నానం ముగించి, చేతులకు జెల్ రాసుకుని, ట్యూబును కుట్టుమిషను డ్రాయరులో దాచేసి, బొద్దును పార్కు దాకా నడిపించుకు రావాలి. గేటు తీసేదాకా అంతా సాఫీగానే జరిగింది. తీసేసరికి వీధిలోని మగకుక్కలన్నీ ఉద్యోగం ఇంటర్వ్యూకి వచ్చినట్టు కుదురుగా కూర్చుని ఉన్నాయి.

బొద్దు ఆడకుక్క. పిల్లలు పుట్టకుండా నిరుడే దానికి ఆపరేషన్ అయింది. చేసింది పక్కవీధిలో కొత్తగా ఆస్పత్రి తెరిచిన పశువుల డాక్టరమ్మ. ఒకప్పుడు టీచరు దగ్గర భూగోళం చదువుకున్న పిల్ల.

టీచరు భర్త తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు. లోకంలో ప్రతివాడూ ఎంతో కొంత తగ్గించే ఇస్తాడని నమ్మే మనిషి. కళ్లు నులుముకుంటూ వచ్చి, గేటు బయటి వరుసను చూశాడు. గచ్చు మీద బొద్దు నడిచిన దారిలో రక్తపు చుక్కలు చూశాడు.

"ఎదకొచ్చింది. ఆ డాక్టరమ్మ సగం ఆపరేషనే చేసింది. లోపల ముక్క వదిలేసింది."

"అలా ఎందుకు చేస్తుందండీ?"

"తూకంలో ఎందుకు కొట్టేస్తారు? అలవాటు."

కొన్ని నెలల కిందట గడ్డలు వచ్చి టీచరుకు గర్భసంచి, అండాశయాలు తీసేశారు. అప్పటినుంచి ఒంట్లో ఆవిర్లు, నిద్ర లేదు. క్లాసులో మ్యాపు ముందు నిలబడి నది పేరు గుర్తురాక ఏడ్చేసిన రోజూ ఉంది. ఆపరేషన్ చేసిన డాక్టరే హార్మోను జెల్ రాసిచ్చి, ఉదయం, రాత్రి చేతులకు పట్టించమంది. ఇంట్లో ఆ సంగతి చెప్పలేదు. ఇన్‌స్పెక్టరు అక్క రొమ్ము క్యాన్సరుతో పోయింది. ఆమె వాడిన హార్మోను మాత్రలే ఆమెను పొట్టన పెట్టుకున్నాయని ఆయన నమ్మకం. ఆ మాట చెవిన పడితే కంచం ముందు నుంచి లేచిపోయేవాడు.

మర్నాడు డాక్టరమ్మ బొద్దుకు రక్తపరీక్ష చేసింది.

"ఈస్ట్రోజెన్, అంటే ఆడ హార్మోను, ఎక్కువగా ఉంది సార్. అండాశయాలు తీసేసిన కుక్కలో ఇంత ఉండకూడదు. లోపల ముక్క మిగిలుండాలి, లేదంటే బయటి నుంచి వస్తుండాలి. ఇంట్లో ఎవరైనా హార్మోను క్రీములు వాడుతున్నారా? ఆ చేతులు కుక్క నాకినా చాలు."

"ఆ విషం మా గడప తొక్కదు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

డాక్టరమ్మ టీచరు వైపు తిరిగింది. "మేడమ్?"

"లేదమ్మా" అంది టీచరు. ఆ మాట అంత తేలిగ్గా వచ్చినందుకు ఆమెకే ఒళ్లు జలదరించింది. ఇకమీదట బొద్దును ఒళ్లోకి రానివ్వకపోతే అన్నీ సర్దుకుంటాయనుకుంది.

కానీ ఇన్‌స్పెక్టరు ఊరుకునే రకం కాదు. పార్కులో చెప్పాడు, మంగలి షాపులో చెప్పాడు, మందుల షాపు ముందు నిలబడి చెప్పాడు. "కుక్క కడుపులో సరుకు వదిలేసింది" అన్నది వీధి చివరికి వెళ్లేసరికి "కడుపులో కత్తెర వదిలేసింది" అయింది. డాక్టరమ్మ ఆస్పత్రిలో బెంచీలు ఖాళీ అయ్యాయి. చివరికి ఆ పిల్లే ఇన్‌స్పెక్టరుకు ఫోన్ చేసింది.

"తీసుకురండి సార్, మళ్లీ కోసి చూస్తాను. ముక్క ఉంటే తప్పు నాదే."

టీచరు బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో కుక్క లేదు, మొగుడూ లేడు. విషయం పక్కింటావిడ చెప్పింది. టీచరు చెప్పులు వేసుకోకుండానే పరిగెత్తింది.

ఆలస్యమైపోయింది. బల్ల మీద బొద్దు కుట్లతో పడి ఉంది. డాక్టరమ్మ దాని నాలుక రంగు చూస్తోంది. ఇన్‌స్పెక్టరు గోడవారన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు.

"అంతా వెతికాను మేడమ్. లోపల ఏమీ లేదు. మత్తు దిగట్లేదు, ఊపిరి సరిగ్గా అందట్లేదు."

టీచరు రెండు చేతులూ ముందుకు చాపింది. "నేను రాసుకుంటున్నానమ్మా, చేతులకి. అది రోజూ నాకేది."

"అడిగాను కదా" అంది డాక్టరమ్మ. మేడమ్ అనలేదు.

టీచరు ఇక మొగుడి వైపు చూడలేక, ఆయన అరుపు కోసం తల వంచుకుని నిలబడింది. అరుపు రాలేదు.

"అది..." అన్నాడు ఇన్‌స్పెక్టరు, గొంతు తగ్గించి. "మనుషులకి కూడా అంటుకుంటుందా?"

"ఒంటికి ఒళ్లు తగిలితే అంటుకుంటుంది సార్."

ఆయన లేచి తలుపు దగ్గరగా వేసి, చొక్కా గుండీలు విప్పాడు. రెండు వైపులా ఛాతీ ఉబ్బి ఉంది. అందుకే కొన్నాళ్లుగా వదులు చొక్కాలు, ఎండలోనూ లోపల మందపు బనీను.

"అక్కకీ ఇలాగే మొదలైంది" అన్నాడు. "నా వంతు వచ్చిందనుకున్నా. డాక్టరు దగ్గరికి వెళ్లడానికి ధైర్యం చాల్లేదు. అసలే ఆపరేషనై ఉన్నదానివి, నీకెలా చెప్పను?"

టీచరు అడిగింది. "మీరు అటు తిరిగి పడుకుంటారు కదండీ. మీకెలా అంటింది?"

ఆయన గుండీలు పెట్టుకుంటూ గోడకు చెప్పినట్టు చెప్పాడు. "నువ్వు నిద్రపోయాక నీ చెయ్యి గుండెల మీద పెట్టుకుని పడుకుంటున్నా. ఆస్పత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ. పోతావేమోనని."

డాక్టరమ్మ ఇద్దరికీ వీపు తిప్పి బొద్దు గుండె వింటూ నిలబడింది. చీకటి పడుతుండగా బొద్దు ఒక కన్ను తెరిచి, ముగ్గురినీ చూసి, మళ్లీ మూసుకుంది. బతికింది.

ఇన్‌స్పెక్టరుకు పరీక్షల్లో క్యాన్సరు లేదని తేలింది. టీచరు జెల్ మానలేదు, పొడుగు చేతుల జాకెట్లకు మారింది. డాక్టరమ్మ మాత్రం ఆమెను మేడమ్ అని పిలవడం మానేసి "కుక్క తాలూకు వాళ్లు" అంటోంది.

పార్కులో, మంగలి షాపులో, మందుల షాపు ముందు డాక్టరమ్మ తప్పేమీ లేదని ఇన్‌స్పెక్టరు మళ్లీ గడపగడపకీ తిరిగి చెప్పాడు. మరి ఎవరిది తప్పని అడిగితే, అది కుక్క సొంత విషయమనేవాడు.