ఇద్దరు వెంకటకృష్ణారావులు, ఒక్క వరుడు

ఆ ఆదివారం ఉదయం కనకలక్ష్మి వేసుకున్న ప్లాను చిన్నదే. మధ్యాహ్నం గుణదలలో పెళ్లిచూపులు అయ్యేదాకా ఎవరి మీదా అరవకూడదు. కాఫీ తాగేలోపే రెండుసార్లు అరిచింది.

అరవక ఏం చేస్తుంది? విజయవాడలో ఆవిడ నడిపే పెళ్లిసంబంధాల బ్యూరోలో డబ్బు పోసి కొన్న డేటాబేస్ ఉంది. కంకిపాడు బ్రాంచిలో ఊరికే వస్తుందని ఇంకో రకం డేటాబేస్ పెట్టారు. ఇక్కడి వరులు అక్కడ కనపడరు, అక్కడి వధువులు ఇక్కడ కనపడరు. బ్యూరో ఒకటే, దాని రెండు కంప్యూటర్లకూ ఒకదాని మాట ఒకదానికి తెలియదు.

ప్రోగ్రాములు రాసే జయంత్ రెండింటి మీదా ఒక పొర వేశాడు. పైన ప్రోగ్రాముకు వరుడంటే వరుడే. వాడి వివరాలు ఏ డేటాబేసులో ఏ మూల ఉన్నాయో వెతికి తెచ్చే చాకిరీ ఆ పొరది. ఒకే మనిషి రెండుచోట్లా నమోదైతే కలిపి ఒక్కడిగా చూపించేదీ అదే. ఒక్కడేనని ఎలా తెలియాలి? నమోదు నంబర్లు పనికిరావు, రెండు బ్రాంచీలూ ఒకటి నుంచే మొదలెట్టాయి. వయసు అసలే పనికిరాదు, పెళ్లిళ్ల బ్యూరోలో వయసు చెప్పేవాడి ధైర్యాన్ని బట్టి ఉంటుంది. అందుకని పేరు, ఇంటిపేరు, ఇల్లు కలిస్తే ఒకే మనిషి అని రాసేశాడు.

అలా కలిపాక కుదిరిన మొదటి పెళ్లిచూపులు గుణదలలో రామతులసివి. ఇవి చెడితే నీ ఉద్యోగం ఉండదని కనకలక్ష్మి జయంత్‌కు ముఖం మీదే చెప్పింది.

చూడవచ్చింది కంకిపాడు రత్తయ్య, కొడుకు వెంకటకృష్ణారావుతో. రామతులసి తండ్రి వరుణ్ణి చూసి, బ్యూరోవాళ్లిచ్చిన ఫొటో చూసి, మళ్లీ వరుణ్ణి చూశాడు. ఫొటోలో కళ్లజోడు పెట్టుకున్న బక్కపల్చటి కుర్రాడు. ఎదురుగా బుర్రమీసాలవాడు. ఫొటో రత్తయ్య చేతికి వెళ్లింది. అది ఆయన తమ్ముడి కొడుకుది. వాడి పేరూ వెంకటకృష్ణారావే, అన్నదమ్ములిద్దరూ పోటీపడి కొడుకులకు తమ తండ్రి పేరే పెట్టుకున్నారు. తర్వాత చేపల చెరువు గట్టు దగ్గర తగువొచ్చి, ఇంటి మధ్యన గోడ కట్టుకుని, మాటలు మానేశారు.

తమ్ముడు కావాలని తన సంబంధంలో వేలు పెట్టాడనుకున్నాడు రత్తయ్య. ఏళ్ల తర్వాత ఫోన్ చేసి ఏకబిగిన తిట్టాడు. తిట్లు తిన్న తమ్ముడు ఊరుకుంటాడా, కళ్లజోడు కొడుకుతో సహా గుణదలలో దిగాడు. నా కొడుకు ఫొటో పెట్టి నీ కొడుక్కి పిల్లని చూస్తావా అని మొదలైన తగువు చెరువు గట్టు మీదికి పోయింది. పకోడీలు చల్లారిపోయాయి. తనను ఎవరూ పిలవడం లేదని రామతులసే బయటికొచ్చింది.

"ఇద్దర్నీ కలిపింది ఆ బ్యూరోవాళ్లే కదండీ. వెళ్లి అక్కడ తిట్టుకోండి," అంది.

అందరూ బ్యూరోకి వచ్చిపడ్డారు. అందరికన్నా గట్టిగా అరిచింది కనకలక్ష్మే.

"ఇద్దరు మనుషుల్ని ఒక్కణ్ణి చేస్తావటయ్యా? బుద్ధుందా నీకు? తండ్రి పేరు చూసుకోవద్దూ?"

జయంత్‌కూ కోపం వచ్చింది. "కంకిపాడులో తండ్రి పేరుకు గడే లేదు మేడమ్. ఇంటి పెద్ద పేరే ఉంది. ఇద్దరికీ తాతగారే ఇంటి పెద్ద. ఇల్లూ ఒకటే."

"ఒకటేంటి? మధ్యన గోడుంది," అన్నాడు రత్తయ్య.

"పొయ్యిలు కూడా వేరే," అన్నాడు తమ్ముడు.

గోడ కట్టాక వాళ్లిద్దరూ ఒక మాట మీద నిలబడడం అదే మొదటిసారి. జయంత్ కంప్యూటర్ తెర వాళ్లవైపు తిప్పాడు. కలిసిపోయిన వివరాల్లో ఫొటో తమ్ముడు ఇచ్చింది, ఫోన్ నంబరు అన్న ఇచ్చింది. విజయవాడలో తమ్ముడు, కంకిపాడులో అన్న, దగ్గరుండి రాయించిన మాట ఒక్కటే: ఉమ్మడి కుటుంబం, అన్నదమ్ముల మధ్య పొరపొచ్చాలు లేవు, తాత మాటే శాసనం. గోడ సంగతి తెలిస్తే మంచి సంబంధాలు రావని, ఒకరికి తెలియకుండా ఒకరికి, ఇద్దరికీ తోచింది.

రామతులసి తండ్రి దాన్ని పైకి చదివాడు. "మీ మాట నమ్మింది ఆ కంప్యూటరొక్కటేనండీ. నేను మాత్రం పిల్లనివ్వను," అని వెళ్లిపోయాడు.

కనకలక్ష్మి కోపమంతా అన్నదమ్ముల మీదికి తిరిగింది. జయంత్ ఉద్యోగం నిలిచింది. కళ్లజోడు వెంకటకృష్ణారావూ మీసాల వెంకటకృష్ణారావూ చెరొక తండ్రి వెనకాల చెరొక ఆటో ఎక్కారు.

సోమవారం జయంత్ ఆ కుటుంబాన్ని కంప్యూటర్లో కూడా విడగొట్టాడు.