డైరెక్టరు గారూ, మాట్లాడుతూనే ఉండండి

సినిమా నడుస్తుంటే ఎవరూ మాట్లాడకూడదన్నవాడు మూర్ఖుడు. ఒక మనిషైనా మాట్లాడుతూనే ఉండాలి. ఆ మనిషి సినిమా తీసిన డైరెక్టరే అయితే అంతకు మించిన అదృష్టం ఉంటుందా!

ఈ జ్ఞానం నాకు ఒక ఆదివారం మధ్యాహ్నం, మా దీవిలో, డాలీగంజ్‌లోని మా ఇంట్లోనే కలిగింది. మొదటి భాగంలో విలన్లను నేలమీద తన్నిన హీరో, రెండో భాగంలో సముద్రం మీద తంతాడు. ఆ రెండో భాగం డీవీడీ విశాఖ షిప్పులో మాదాకా వచ్చింది. అట్టమీద 'రెండు గంటల అదనపు విశేషాలు' అని ఉంది. కూరగాయలతో కొసరు కరివేపాకు అడిగి పుచ్చుకునేవాళ్ళం, అదనమంటే వదులుతామా?

మా అత్తగారు గురువమ్మ చాపమీద, ఆవిడ కొడుకు లక్ష్ముడు గుమ్మంలో కూర్చున్నారు. లక్ష్ముడు చేపలవేటకు వెళతాడు. నేను ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాను. ఇంట్లో చదువుకున్నవాణ్ణి నేనే గనక రిమోటు నా చేతికిచ్చారు. మెనూలో ఏదో నొక్కాను.

సినిమా మొదలైంది. దాంతోపాటు ఒక గొంతు కూడా మొదలైంది. అదనపు విశేషాల్లో అదొకటట, సినిమా పొడుగునా డైరెక్టరుగారే మాట్లాడతారట. "ఇది తీసినరోజు వాన. హీరోగారికి జలుబు" అంది గొంతు. విలన్ కత్తి ఎత్తితే "అది రబ్బరుది" అంది. హీరో తల్లి ప్రాణం విడుస్తుంటే, ఆ సీనుకు ముందు ఆవిడ రెండు ప్లేట్ల బిర్యానీ తిన్న సంగతి చెప్పింది.

"బావా, ఈయన చుప్ అవడా? డైలాగ్ కుచ్ భీ వినబడట్లే" అన్నాడు లక్ష్ముడు.

ఆపడం నాకు తెలిస్తే కదా! తెలియదంటే నా చదువేం కాను? "రెండో భాగాలన్నీ ఇప్పుడు ఇలాగే తీస్తున్నారు. కొత్త పద్ధతి" అన్నాను గంభీరంగా.

"ఉండ్రా, ఆ బాబు బాగా సెప్తన్నాడు" అన్నారు అత్తగారు.

ఎన్ని లాభాలో చూడండి! మొదటి భాగం చూసి రెండు రోజులు అన్నం సహించని ఆవిడ, ఈసారి యాభైమంది నరుక్కుంటుంటే నిశ్చింతగా వక్క నములుతున్నారు. పెళ్ళిచూపుల్లో కూడా ఇలాంటి గొంతు ఒకటుంటే ఎంత బాగుండేది! "అబ్బాయికి ఆఫీసుంది గానీ పని జరగదు" అని ముందే చెప్పేది. మా అత్తగారు అప్పుడే జాగ్రత్తపడేవారు.

అంతలో తుపాను సీను వచ్చింది. హీరో ఓడమీంచి సముద్రంలోకి దూకాడు.

"భయపడకండి, అక్కడ నడుంలోతే" అంది గొంతు. "చొక్కా లోపల లైఫ్ జాకెట్ వేశాం. చుట్టూ మూడు పడవలు, ఎనిమిదిమంది ఈతగాళ్ళు, ఒడ్డున డాక్టరు."

అత్తగారు నమలడం ఆపారు.

"అల్లుడు బాబూ, నడుంలోతు నీల్లకే అన్నెట్టినారు గదా. మనోడు నడిసంద్రంలోకి ఎల్తాడు. ఆడికేటెట్టినారు?"

"నాకు డబ్బా ఉంది కదమ్మా" అని నవ్వాడు లక్ష్ముడు. మునిగితే పట్టుకోవడానికి పడవలో ఒక ఖాళీ నూనెడబ్బా పెట్టుకుంటాడు.

ఆవిడ నావంకే చూస్తున్నారు. నేను టీవీ వంక చూశాను.

మా పేట పడవలవాళ్ళు నలభై లైఫ్ జాకెట్లు కావాలని పెట్టుకున్న అర్జీ మా ఆఫీసులోనే ఉంది. సరిగ్గా చెప్పాలంటే నా బల్లమీదే ఉంది. మొదటి భాగం విడుదలైన వారంలో వచ్చింది. జాకెట్లు తప్ప ఆ ఫైల్లో అన్నీ ఉన్నాయి. రంగు నారింజా పసుపా అన్న నా సందేహం ఉంది. పొట్టివాళ్ళెందరో పొడుగువాళ్ళెందరో తెలపమని నేను రాసిన ఉత్తరం ఉంది. దాని నకళ్ళున్నాయి, ఆ నకళ్ళకు నకళ్ళున్నాయి. అసలు సినిమా తీయకుండానే అదనపు విశేషాలు తయారుచేసినవాణ్ణి. అదనం గొప్పతనం నాకు ఒకరు చెప్పాలా?

సోమవారం సిగ్గుపడి ఫైలు పైకి పంపాను. బుధవారం 'చర్చించండి' అని రాసి తిప్పి పంపారు. ఎవరితో చర్చించాలో రాయలేదు.

ఇప్పుడు లక్ష్ముడు వేటకెళ్ళినప్పుడల్లా అత్తగారు ఆ డీవీడీ పెట్టమంటారు. తుపాను సీను దగ్గర ఆ మాటలు విని, ఆ పడవలూ డాక్టరూ తన కొడుక్కే అన్నట్టు కాస్త స్థిమితపడతారు. గొంతును ఆపే బటన్ ఏదో ఈమధ్యే నాకు తెలిసింది. నొక్కను. అది ఆగితే ఆవిడ మళ్ళీ నన్ను అడుగుతారు.

డైరెక్టరు గారూ, మూడో భాగం తీస్తున్నారట. ఈసారి మీ మాటలు బాగా పొడుగ్గా పెట్టండి. మా ఫైలు కదిలేదాకా సరిపోవాలి.