కూర్చుని గెలిచిన పరుగు పందెం

పిల్లలకి చలనం పాఠం బుర్రకెక్కాలంటే ముందు వాళ్ల కదలిక ఆపాలి! ఇంత గొప్ప సంగతిని మా అమ్మాయి చదివే స్కూలు కనిపెట్టింది. కనిపెట్టి ఊరుకోలేదు. ఆటల పీరియడ్ ఎత్తేసి, ఆ గంట కూడా ఫిజిక్స్‌కే రాసిచ్చేసింది. నన్నడిగితే ఆ యాజమాన్యాన్ని భుజాల మీద ఎక్కించుకుని ఊరేగించాలి. కాకపోతే ఊరేగించడానికి కాస్త ఖాళీ జాగా కావాలి, అదే లేదు.

మీలో కొందరికి అప్పుడే ఒళ్లు మండుతుంటుంది. ఆగండి. తొమ్మిదో తరగతి పిల్ల మైదానంలో పరిగెడుతూ కూర్చుంటే తన వడి ఎప్పుడు లెక్క కడుతుంది? చెమట చేత్తో గ్రాఫ్ గీస్తే పేపరు తడవదూ? కదలకుండా కూర్చున్నవాళ్లకే కదలిక గురించి నిమ్మళంగా ఆలోచించే తీరిక ఉంటుందని నా సిద్ధాంతం. వంటగదిలో అడుగు పెట్టని మగాళ్లే కూరలో ఉప్పు గురించి ఎక్కువ మాట్లాడటం మీరు చూళ్లేదూ?

నిజానికి ఆటస్థలం అంతకు ముందే పోయింది. దాని మీద ఏసీ భవనం లేచింది. పైన బంగారు రంగు అక్షరాలతో ‘చలన విజ్ఞాన కేంద్రం’ అని బోర్డు. లోపల గోడంత స్మార్ట్ బోర్డు. దాని మీద ఒక బంతి దొర్లుతుంది. పిల్లలు చూస్తారు. బంతి ఆగుతుంది. ఎందుకు ఆగిందో రాసుకుంటారు. అసలు బంతి మాత్రం ల్యాబ్ బీరువాలో తాళం వేసి భద్రంగా ఉంది. బయటికి తీస్తే మాసిపోదూ!

పేరెంట్స్ మీటింగులో ఒక తండ్రి లేచాడు. ప్రతి మీటింగులోనూ ఇలాంటివాడు ఒకడుంటాడు.

“పిల్లలు కాసేపు ఆడుకోవద్దా మేడమ్?”

“ఆడుకుంటే ఏమొస్తుందండీ?” అన్నారు ప్రిన్సిపాల్ మేడమ్.

“ఆకలేస్తుందండీ.”

“చలనం పాఠానికి పది మార్కులు సార్. ఆకలికెన్ని?”

ఆయన కూర్చున్నాడు. నేను చేతులు నొప్పిపుట్టేలా చప్పట్లు కొట్టాను.

మరి ఆటల మాస్టారి గతేమిటంటారా? పిల్లలు ఆయన్ని ఈల మాస్టారంటారు. ఆయన ఉద్యోగానికేం ఢోకా లేదు. ఒకప్పుడు పరిగెత్తమని ఈల ఊదేవారు, ఇప్పుడు వరండాలో ఎవరైనా గబగబా నడిస్తే ఆగమని ఊదుతున్నారు. జీతం అదే, ఈలా అదే. పైగా ఎండ తప్పింది.

ఇంత చక్కటి ఏర్పాటుకి దిష్టి తగిలింది. అదీ మా ఇంట్లోంచే! ఒక సాయంత్రం మా అమ్మాయి హోంవర్క్ చేసుకుంటోంది. ఒక బాలిక వంద మీటర్లు పదహారు సెకన్లలో పరిగెత్తితే సగటు వడి ఎంత అని లెక్క. సెకనుకి ఆరుంపావు మీటర్లు అని చటుక్కున రాసేసి, పెన్ను నోట్లో పెట్టుకుంది.

“నాన్నా, ఈ అమ్మాయి ఫాస్టా, స్లోనా?”

“జవాబు కరెక్టే కదమ్మా.”

“అది కాదు నాన్నా. నేనైతే ఎంతలో పరిగెడతాను?”

“నీ సంగతి లెక్కలో అడగలేదుగా.”

“నాకు తెలుసుకోవాలనుంది. ఒక్కసారి పరిగెత్తి చూస్తా నాన్నా, ఒకే ఒక్కసారి!”

చూశారా, సిలబస్‌లో లేని కోరికలు ఎలా పుట్టుకొస్తాయో! ఫోన్ కొనమంటే కొంటాను, లేదా కొననని కసురుతాను. వంద మీటర్ల ఖాళీ నేల తెమ్మంటే ఏ కొట్లో దొరుకుతుంది?

అయినా కన్నకూతురు కదా, ప్రయత్నించాం. మా అపార్ట్‌మెంట్ వరండాలో నాలుగంగలు వేసిందో లేదో, కింద ఫ్లాటు పెద్దాయన పైకొచ్చి తన ఫ్యాను ఊగుతోందన్నాడు. సెల్లార్‌లో కార్లు. వీధిలో కార్ల పక్కన కార్లు. పేవ్‌మెంట్ మీద బైకులు, బైకుల మధ్య కొట్ల బోర్డులు. పార్కుకి వెళ్తే అక్కడ గడ్డి మీద నడవకూడదు, నడిచే దారిలో పరిగెత్తకూడదు. పక్కింటి వదినగారి ట్రెడ్‌మిల్ అడిగాం. ఆవిడ పాపం వెంటనే ఒప్పుకున్నారు, దాని మీద ఆరేసిన తువ్వాళ్లు ఆరాక రమ్మన్నారు. వానాకాలం!

“పిల్ల పరిగెత్తడానికి ఇంత రాద్ధాంతమా? మా చిన్నప్పుడు ఊరికే పరిగెత్తేవాళ్లం. కారణం కూడా ఉండేది కాదు” అంది మా ఆవిడ.

“బలం ప్రయోగించకుండా నిశ్చలంగా ఉన్న వస్తువు కదలదు” అని నేను పాఠం అప్పజెప్పాను.

“మేం కదిలేవాళ్లం” అనేసి లోపలికి వెళ్లిపోయింది. చదువుకున్నవాళ్లతో వాదించవచ్చు, గుర్తుపెట్టుకున్నవాళ్లతో కష్టం.

చివరికి మా అమ్మాయే దారి కనిపెట్టింది. “స్పోర్ట్స్ డే వస్తోంది నాన్నా! ఆ రోజైనా పరిగెత్తనిస్తారు కదా!” అంటూ బూట్లు తీసి తుడుచుకుంది. కొన్నప్పటి నుంచీ ఆ బూట్ల అడుగున మట్టన్నది అంటలేదు.

స్పోర్ట్స్ డే అద్భుతంగా జరిగింది. ఏసీ హాల్లో నేల మీద సున్నంతో గీతలు గీశారు. గీతల మధ్య వరసగా బల్లలు, కుర్చీలు. ఈల మాస్టారు ఈల ఊదారు. పిల్లల పెన్నులు పరిగెత్తాయి! వంద మీటర్ల లెక్క ఎవరు ముందు చేస్తే వాళ్లది గెలుపు. లాంగ్ జంప్ ఇంకా బాగుంది. గ్రాఫ్ పేపరు మీద ఒక చుక్క ఎగిరి ఎక్కడ దిగుతుందో గీసి చూపాలి. రిలేలో ఒకరు సూత్రం రాస్తే, ఇంకొకరు విలువలు వేసి, మూడోవాళ్లు లెక్క తేల్చారు. ఆఖరి అబ్బాయి ప్రమాణం రాయడం మరిచిపోయి జట్టు మొత్తాన్ని ముంచాడు. ఆ పిల్లల ఏడుపు చూడలేకపోయామనుకోండి!

వంద మీటర్ల పరుగులో బంగారు పతకం మా అమ్మాయికే వచ్చింది! నేను కుర్చీ మీదకెక్కి ఫొటోలు తీశాను. పతకం మెడలో వేసుకుని అది స్టేజీ దిగొచ్చింది. మొహంలో వెలుగు లేదు.

“నేను పరిగెత్తలేదు కదా నాన్నా?”

“పిచ్చితల్లీ, పతకం మీద ‘పరుగు’ అనే ఉంది, చదువుకో” అన్నాను.

ఇద్దరం గేటు దాటి బయటికొచ్చేసరికి మా బస్సు కదలబోతోంది. “అమ్మా, బస్సు!” అని అరిచాను. అంతే, పిల్ల దూసుకెళ్లింది. జడలు ఎగురుతున్నాయి, బ్యాగు వీపు మీద డబడబా కొట్టుకుంటోంది, పతకం వెనక్కి తిరిగిపోయింది. మా అమ్మాయి పరిగెడుతుంటే ఎలా ఉంటుందో నేను అదే మొదటిసారి చూడటం. డ్రైవర్ బండి ఆపాడు. నేను రొప్పుకుంటూ చేరేసరికి అది కమ్మీ పట్టుకుని, ఎర్రబడిన మొహంతో పకపకా నవ్వుతోంది.

ఉన్నట్టుండి నవ్వు ఆపి, గుండె మీద చెయ్యి వేసుకుంది. కళ్లు పెద్దవి చేసి, పక్కవాళ్లకి వినపడకుండా మెల్లగా అడిగింది.

“నాన్నా, గుండె ఇలా దడదడా కొట్టుకుంటోందేంటి? నాకేమైనా జబ్బా?”

పద్నాలుగేళ్ల పిల్ల. “జబ్బు కాదమ్మా, పరిగెత్తావు కదా” అన్నాను. ఆ మాట చెప్పడానికి నాకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

మర్నాడు పొద్దున్నే వెళ్లి ఈ ముక్కే ప్రిన్సిపాల్ మేడమ్‌కి చెప్పాను. ఆవిడ చాలా ఓపిగ్గా విన్నారు.

“గుండె కొట్టుకోవడం బయాలజీ కిందకి వస్తుంది సార్, అది వచ్చే ఏడాది పాఠం. అప్పటిదాకా పాపని జాగ్రత్తగా కూర్చోబెట్టండి” అన్నారు.