శాంతినగర్‌లో ర్యాంకుల ఓటు

అమెరికా ప్రజాస్వామ్యాన్ని నేరుగా మాచర్ల శాంతినగర్‌కు తెస్తున్నట్టు మా నాయకుడు పుల్లారావు గారు బహిరంగసభలో ప్రకటించారు. పార్టీ తరఫున అక్కడి ఎన్నికల పద్ధతులు అధ్యయనం చేసి అప్పుడే దిగారు. కోటు ఇంకా విప్పలేదు. మే నెల ఎండలో కోటుతో గంటసేపు మాట్లాడగల నాయకుడు పల్నాడులో మరొకరు లేరని సభ మొత్తం ఒప్పుకుంది.

"అక్కడ ఏ రాష్ట్రం పద్ధతి ఆ రాష్ట్రానిదే. అలాస్కాలో ఓటరు ఒక్కడికే గుద్దేసి ఇంటికి పోడు. ఒకటి, రెండు, మూడు అని ర్యాంకులిస్తాడు. ఎవరికీ సగం ఒకట్లు రాకపోతే ఆఖరివాణ్ణి తీసేసి, వాడి ఓట్లలో రెండో నంబర్ ఎవరికుందో వాళ్ళకు కలుపుతారు. సగం దాటినవాడే గెలిచినట్టు. దేశమంతా ఒప్పుకునేదాకా ఆగకుండా ఒక రాష్ట్రం ముందు చేసి చూపిస్తుంది. దాన్నే ఫెడరలిజం అంటారు. ఇండియాకు శాంతినగరే అలాస్కా!"

ఆ సభకు ఫ్లెక్సీలు కొట్టింది నేనే కాబట్టి ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టే భాగ్యం కలిగింది.

శాంతినగర్‌కే ఈ అదృష్టం పట్టడానికి కారణం ఉంది. కాలనీ సంపులో నీళ్ళున్నాయి గానీ, వాటిని ట్యాంకులోకి ఎక్కించే మోటారు చలికాలం నుంచీ లేదు. కాలిపోయిందని, రిపేరుకు గుంటూరు పంపామని నీళ్ళ కమిటీ అధ్యక్షుడు బ్రహ్మాజీ చెబుతూ వచ్చారు. ఆయన పుల్లారావు గారి బావమరిది. ఆడవాళ్ళు సంపులోకి బక్కెట్లు వేసి తోడుకుంటున్నారు. నాపరాళ్ళ పాలిష్ పనికి వెళ్ళే మహేశ్వరి అలా తోడుతూ జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. పనీ పోయింది. కాలనీ అంతా కొత్త అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాల్సిందేనని పట్టుబట్టింది. పుల్లారావు గారు ప్రజాభిప్రాయానికి తలవంచారు. ముందు పద్ధతి మారుద్దాం, మోటారు సంగతి తర్వాత చూద్దాం అన్నారు.

ముందుగా కమ్యూనిటీ హాల్లో ఓటర్లకు పుల్లారావు గారే పౌరవిద్య క్లాసు తీసుకున్నారు. ఫెడరలిజం పాఠం అయ్యాక సుబ్బరత్నమ్మ లేచింది. కాలనీలో అందరికంటే పెద్దావిడ.

"అంతా బాగుంది నాయనా. ఇంతకీ మోటారు ఎవురు బాగుచేయించాల?"

"మంచి ప్రశ్న అవ్వా. కేంద్రం చేయిస్తే రాష్ట్రం హక్కు పోద్ది. రాష్ట్రం చేయిస్తే లోకల్ హక్కు పోద్ది. అందుకని ఎవరూ చెయ్యి పెట్టరు. ఒకరినొకరు గౌరవించుకుంటారు."

"మరి నీళ్ళో?"

"నీళ్ళు ఉమ్మడి జాబితా."

తర్వాత ప్రాక్టీసు ఓటింగ్. గోంగూర, ఆవకాయ, పండుమిరప పచ్చళ్ళకు ర్యాంకులు వేయమన్నారు. సుబ్బరత్నమ్మ గోంగూరకు ఒకటి వేసి కాగితం ఇచ్చేసింది.

"రెండోది ఏదవ్వా?"

"గోంగూరే."

"మూడోది?"

"అదీ గోంగూరే. ఏంది నాయనా, ఒక జాడీ నిండుగా ఉంటే పక్కదాని మూత ఎందుకు తీస్తా?"

మొదటి రౌండులోనే పండుమిరప ఎలిమినేట్ అయింది. ఆ వర్గం రిగ్గింగ్ జరిగిందని హాలు ముందు బైఠాయించింది. ఆవకాయ వాళ్ళు కుర్చీలు లేపారు. ఎస్సై గారు జీపులో వచ్చి మూడు జాడీలనూ మూడు గదుల్లో పెట్టించి కానిస్టేబుళ్ళను కాపలా ఉంచారు. ప్రజల్లో రాజకీయ చైతన్యం ఇంత ఉందని తానే ఊహించలేదని పుల్లారావు గారు సంతోషించారు.

అసలు ఎన్నికలో బ్రహ్మాజీకి పోటీగా అవతలి పార్టీ నుంచి లారీల ఓనరు శివనాగరాజు నిలబడ్డారు. చేతికి కట్టుతోనే మహేశ్వరి కూడా నామినేషన్ వేసింది.

బ్రహ్మాజీ, శివనాగరాజు ఇద్దరూ ఒకటో నంబరే అడిగారు. రెండో నంబర్ వేస్తామన్న వాళ్ళ మీద కోప్పడ్డారు. "రెండు అనే అంకె మా ఇంట్లో పలకం. ఇంటి నంబరు రెండొస్తే ఒకటి బార్ ఒకటి అని రాయించినాం" అన్నారు శివనాగరాజు.

మహేశ్వరి గడపగడపకూ తిరిగి మగవాళ్ళతో ఒకే మాట చెప్పింది. "అన్నా, ఒకటి మీ పార్టీకే వేసుకోండి. మీ మాట పోవద్దు. రెండు నాకెయ్యండి."

ఎవరికీ పనికిరాని నంబరు గనుక అందరూ ధారాళంగా మాటిచ్చారు.

పెట్టె తెరిచారు. బ్రహ్మాజీ ముందున్నారు గానీ సగం రాలేదు. ఆడవాళ్ళు ఇళ్ళలో చెప్పకుండా ఒకటి కూడా మహేశ్వరికే వేయడంతో ఆమె రెండో స్థానంలో ఉంది. శివనాగరాజు ఆఖరున ఉండి ఎలిమినేట్ అయ్యారు. బ్రహ్మాజీ పేరు ఎదురుగా ఏ అంకె వేయడానికీ చెయ్యి రాక, శివనాగరాజు మనుషులంతా రెండు మహేశ్వరికి వేశారు. మహేశ్వరి సగం దాటేసింది.

పుల్లారావు గారు గోలీసోడా తెప్పించుకుని తాగారు. మైకు అందుకున్నారు.

"ఒకటో నంబర్లు ఎక్కువొచ్చిన బ్రహ్మాజీ అధ్యక్షుడు. రెండో నంబర్లతో వచ్చిన మహేశ్వరి ఉపాధ్యక్షురాలు. అమెరికాలోనూ ఆ పదవి ఉంది."

మహేశ్వరి ముందుకొచ్చింది. "సగం దాటినోళ్ళే గెలిచినట్టని మీరే చెప్పారు గదా బాబాయ్?"

"చెప్పానమ్మాయ్. అది అలాస్కా రూలు. లెక్కింపు మధ్యలో మనం వేరే రాష్ట్రంలోకి వచ్చేశాం."

ఆడవాళ్ళు ఖాళీ బిందెల మీద దరువేశారు. కొత్త అధ్యక్షుడికి మంగళవాద్యాలతో స్వాగతం అని మర్నాడు పేపర్లో వచ్చింది.

వార్త చదివి, ఎన్నికల సంస్కరణల మీద పరిశోధన చేసేవాళ్ళు ఇద్దరు హైదరాబాద్ నుంచి చూడటానికి వస్తామన్నారు. వాళ్ళు వచ్చే రోజు పొద్దున్నే సంపు దగ్గర మోటారు బిగించి ఉంది. కుళాయిల్లో నీళ్ళొచ్చాయి. మహేశ్వరి మంచి చెయ్యి ధార కింద పెట్టి, బిందె సంగతే మర్చిపోయి అలాగే నిలబడింది.

"ర్యాంకుల ఓటు వల్ల మీకు ఏం మేలు జరిగిందమ్మా?" అని వచ్చినవాళ్ళలో ఒకావిడ సుబ్బరత్నమ్మను అడిగింది.

"మీరు రోజూ రండి తల్లీ."

ఓటర్ల ఆదరణకు ఇది నిదర్శనమని ఆవిడ రాసుకుంది.

అతిథుల కారు మలుపు తిరగగానే కుళాయిలు ఆగిపోయాయి. సంపు దగ్గర బ్రహ్మాజీ మనుషులు మోటారు విప్పి ట్రాలీ ఆటోలోకి ఎక్కిస్తున్నారు.

"మెల్లగా ఎత్తండ్రా! పొద్దున్నే మన తోటలో విప్పేటప్పుడు ఒక బోల్టు పోయింది. సాయంత్రంలోపు బిగించకపోతే నిమ్మచెట్లు వాడిపోతయ్" అంటున్నారు అధ్యక్షుల వారు.

 మహేశ్వరి కట్టు ఉన్న చెయ్యి గుండెకు ఆనించుకుని ట్రాలీలోకి ఎక్కి మోటారు మీద కూర్చుంది. వెనకే సుబ్బరత్నమ్మను పైకి లాగారు. ఆ తర్వాత ఎవరు ఎక్కుతున్నారో లెక్క లేదు. డ్రైవరు దిగిపోయి దూరంగా నిలబడ్డాడు.

పుల్లారావు గారు ఆ దృశ్యాన్ని కాసేపు తేరిపార చూసి, నా భుజం తట్టారు.

"ఫోటో తియ్యవయ్యా. పాలనలో మహిళల భాగస్వామ్యం అని పెద్ద ఫ్లెక్సీ వేద్దాం. మోటారు మాత్రం పడకుండా చూడు."