శాలువా కప్పించుకున్న గుంటనక్క

ఒక పెద్ద అడవిలో ఎవరి పనుల్లో వాళ్ళుంటే, అందరి పనుల్లోనూ తానే ఉండే గుంటనక్క ఒకడుండేవాడు. పేరు గవర్రాజు.

గవర్రాజు కన్ను ఎలుగుబంటి బూచమ్మ గుహ మీద పడింది. వాగు పక్కన చల్లటి గుహ. ఖాళీ చెయ్యమని అడిగితే బూచమ్మ చెయ్యి చేసుకుంటుంది. అందుకని సభలో ఒక చట్టం చేయించాడు: జంతువుకి ఒకటే లక్ష్యం. అది నెరవేరిన రోజున ఆకుల శాలువా కప్పి, సన్మానం చేసి, విశ్రాంతికి రాళ్ళగుట్ట మీదికి పంపేస్తారు. అది అంతవరకూ ఉన్న చోటు ఇక సభది.

అందరికీ దారి చూపాలిగా, తన లక్ష్యం తానే ముందు చెప్పాడు. ఈ చట్టాన్ని నడిపి, ఖాళీ అయిన చోట్లు పంచే కార్యదర్శిని కావాలన్నాడు. సింహం గారు ముచ్చటపడి అక్కడికక్కడే పదవి ఇచ్చేశారు. చప్పట్ల హోరులో ఎవరూ ఇంకేమీ ఆలోచించలేదు.

కోతి చింతచెట్టు చివరికొమ్మ ఎక్కి శాలువా కప్పించుకుంది. అది మొదలు గుట్ట మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళకి ఆ కొమ్మ సంగతే చెబుతోంది. నెమలి తొలకరికి ఆడింది. ఇప్పుడు శాలువా కింద పింఛం పట్టక అవస్థపడుతోంది.

బూచమ్మ మాత్రం చిక్కలేదు. తేనెపట్టు దొరికిందట కదా అని గవర్రాజు శాలువా పట్టుకెళ్తే, ఈత నేర్చుకుంటోంది. ఈత వచ్చిందని వెళ్తే, పిల్లలకి చిందులు నేర్పుతోంది. విసిగి, సభకి పిలిపించాడు.

"ఒక్కటే చెప్పాలి బూచమ్మత్తా. లేదంటే గుహ పోతుంది."

బూచమ్మ వీపు గోక్కుంది. "ఏది వదలమంటావురా? తేనె దొరకని నాడు ఈత ఉంటుంది. ఈతలో నీళ్ళు మింగిన నాడు పిల్లలుంటారు. కొండ అవతల ఏముందో ఇంకా చూడనేలేదు. అది సరే, నీ లక్ష్యం ఏమిట్రా?"

"కార్యదర్శి కావడం," అన్నాడు గవర్రాజు ఛాతీ విరుచుకుని.

"అయ్యావుగా."

గవర్రాజు సింహం గారి వైపు చూశాడు. సింహం గారికేమో తన లక్ష్యం రాజు కావడమేనని అప్పుడే గుర్తొచ్చింది.

"చట్టం రేపు రద్దు చేద్దాం," అన్నారాయన నింపాదిగా. "ముందు వీడికి శాలువా కప్పండి."

రద్దయ్యాక కోతీ నెమలీ గుట్ట దిగిపోయాయి. గవర్రాజు దిగలేదు. దిగి ఏం చెయ్యాలో తోచడం లేదట. కొండ అవతలికి పోతూ బూచమ్మ "వస్తావట్రా?" అని అడిగితే, శాలువా దులుపుకోవాలి, తీరిక లేదన్నాడట.

కనుక జీవితంలో ఒకే ఒక్క లక్ష్యం పెట్టుకోండి. శాలువా తొందరగా వస్తుంది.